చెనక్కాయ కట్టెను పెరిగే గొర్రెపిల్లలకు గుళికల మేతగా మార్చుకునే విధానం

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట పల్లెల్లో చెనక్కాయ (వేరుశనగ) పెరికి, కాయలు దులిపి, చేను ఖాళీ అయ్యేసరికి చాలా ఇళ్ల వెనుక ఒక కట్టెవామి, అంటే కాయలు దులిపాక మిగిలిన ఎండు మొక్కల కుప్ప, లేస్తుంది. ఆ వామి చాలా వరకు పాడి ఆవులకే పోతుంది. గొర్రెలకు వేస్తే ఏమవుతుందో మందను సాకేవారందరికీ తెలిసినదే: అవి ఆకును, లేత కొసలను ఏరుకుని తిని, కాడను కాళ్ల కింద తొక్కి, పెంటికలతోనూ మూత్రంతోనూ కలిపేస్తాయి, ఒకసారి తొక్కిన మేతను ఎంత ఆకలైనా మళ్లీ ముట్టవు. కట్టెను నలగ్గొట్టి, దాణాతో కలిపి, గుళికలుగా ఒత్తి పెడితే ఈ ఏరుకునే అవకాశం పోతుంది. గుళికల మేత వల్ల కలిగే మొదటి లాభం ఇదే, నా అంచనాలో అతి పెద్ద లాభం కూడా ఇదే.

రెండో లాభం పరిమాణంలో ఉంది. వదులుగా ఉన్న కట్టె ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు, కాని అదే కట్టె దాణాతో కలిసి గుళిక అయితే ఐదు వందల కిలోల దాకా తూగుతుంది. పాలు మరిచిన పిల్ల పొట్ట చిన్నది కాబట్టి, బరువు తక్కువగా ఉండి చోటు ఎక్కువగా ఆక్రమించే మేతతో ఆ పొట్ట తొందరగా నిండిపోతుంది, పిల్ల పెరగడానికి కావలసిన బలం మాత్రం లోపలికి చేరదు. గుళికలు చేసినప్పుడు పిల్ల అదే పొట్టతో ఎక్కువ మేత తినగలుగుతుంది. అయితే మర యంత్రాలు అమ్మేవారు చెప్పే ఒక మాటను మాత్రం నమ్మవద్దు. గుళిక చేసినంత మాత్రాన కట్టెలో లేని మాంసకృత్తులు పుట్టుకురావు. నలిగిన పీచు పొట్టలో నిలిచే కాలం తగ్గుతుంది కాబట్టి దాని అరుగుదల నిజానికి కొద్దిగా తగ్గుతుంది కూడా. తినే మొత్తం పెరగడం వల్లనే ఆ లోటు తీరి లాభం మిగులుతుంది.

అందుచేత ఈ మేత ఎవరికి పెట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. బయలులో తిరిగి మేసే తల్లి గొర్రెలకు గుళికలు పెట్టడం డబ్బు దండగ. మూడు నెలల వయసులో పాలు మాన్పించిన, 12 నుంచి 15 కిలోల బరువున్న పొట్టేలు పిల్లలను సుమారు 100 రోజులు షెడ్డులో కట్టి మేపి, 25 కిలోల దరిదాపుల్లో అమ్మదలచినవారికే ఇది పనికివస్తుంది. మన ప్రాంతపు నెల్లూరు జాతి పిల్లలు, అంటే తెల్లని ఒంటిపై మూతి వద్దా కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్న జోడిపి, పూర్తిగా తెల్లని పల్ల, ఎర్రటి డోర, ఈ రకం మేపుకు బాగా సరిపోతాయి. పొడుగు కాళ్లు, పెద్ద ఎముక ఉన్న జాతి కాబట్టి మేత అందితే ఒడలు నింపుకుంటాయి. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతి గొర్రెల మంద ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఒకసారి వెళ్లి మంచి పిల్ల ఎలా ఉంటుందో కళ్లారా చూసి రావడం మేలు.

కట్టెను ఎంచుకోవడం

కట్టెలన్నీ ఒకటి కావు. చెనక్కాయ కట్టెలో మాంసకృత్తులు 8 నుంచి 12 శాతం వరకు ఉంటాయి, సున్నం (కాల్షియం) కూడా సమృద్ధిగా ఉంటుంది. జొన్న చొప్పలో మాంసకృత్తులు 4 శాతం, వరిగడ్డిలో 3 నుంచి 4 శాతం మించవు. పైగా వరిగడ్డిలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ, అది అరుగుదలను తగ్గించడమే కాక మర అచ్చును, అంటే మేతను గుళికలుగా ఒత్తే రంధ్రాల పళ్లేన్ని, కూడా అరగదీస్తుంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసుకుంటాయి కూడా. పలమనేరు, కుప్పం వైపు దొరికే రాగిగడ్డి వరిగడ్డి కంటే మెరుగు. కాబట్టి పడమటి మండలాలవారు చెనక్కాయ కట్టెను రాగిగడ్డితో, శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపువారు వరిగడ్డితో కలుపుకోవచ్చుగాని, వరిగడ్డి ఒక్కదానితోనే పెరిగే పిల్లలకు గుళికలు చేయడం మంచిది కాదు.

చెనక్కాయ కట్టెలో కూడా బలమంతా ఆకులోనే ఉంటుంది. ఆకుమచ్చ తెగులు ముదిరి ఆకు రాలిపోయిన చేనులో మిగిలేది కాడ మాత్రమే, దాన్ని కట్టె అని పిలిచినా మేతగా అది పుల్లతో సమానం. ఆ కట్టె కొనేటప్పుడు బేరం ఆ మేరకు తగ్గించాలి, లేదా మానుకోవాలి. చేతిలోకి తీసుకుని నలిపితే ఆకు పొడి ఆకుపచ్చగానో లేత గోధుమ రంగులోనో రాలాలి, ఎండుగడ్డి వాసన రావాలి. నల్లబడి, ముక్కిన వాసన వచ్చి, దులిపితే బూడిద లాంటి పొడి లేచే కట్టెను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

ఇక్కడ మన వానల సంగతి చెప్పాలి. ఖరీఫ్ చెనక్కాయ పెరికేది అక్టోబరు, నవంబరు నెలల్లో. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట బంగాళాఖాతపు వాయుగుండాలు తిరుపతి జిల్లా మీదికి వస్తాయి. చేలో పెరికి పడేసిన కట్టె రెండు మూడు రోజులు తడిసిందంటే బూజు పడుతుంది, కట్టెను అంటిపెట్టుకుని మిగిలిపోయిన లొట్టకాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే అవకాశం ఉంటుంది. మరలో వేడి తగిలితే ఆ విషం పోతుందని కొందరు అనుకుంటారు, కాని గుళికలు ఒత్తే వేడికి అది చెక్కుచెదరదు. అందువల్ల ఏడాదికి సరిపడా కట్టె నిల్వ చేసుకోదలచినవారికి నా సలహా, బోరు కింద వేసిన రబీ చెనక్కాయ కట్టెను ఎండలు ముదిరే వేళ కొనుక్కోమని. అది వాన చూడని కట్టె.

కొన్న కట్టెను బాగా దులిపి, వేర్ల దగ్గర అంటుకున్న మట్టిని వదిలించాలి. వీలైతే వేరు భాగాన్ని కత్తిరించి పారేయాలి. మట్టి, రాళ్లు మరలోకి పోతే అచ్చు రంధ్రాలు పాడవుతాయి, బిగింపు తీగల ముక్కలు పోతే పిల్ల పొట్టే పాడవుతుంది. హ్యామర్ మిల్లు (కట్టెను, గింజలను నలగ్గొట్టే మర) నోటి దగ్గర ఒక అయస్కాంతం తప్పక ఉండాలి.

కూర్పు

పెరిగే పిల్లల సంపూర్ణ మేతలో, అంటే కట్టె, దాణా కలిసిన మేతలో, మాంసకృత్తులు 14 శాతం దరిదాపుల్లో, జీర్ణమయ్యే మొత్తం పోషకాలు 60 శాతానికి తగ్గకుండా ఉండాలి. సగం కట్టె, సగం దాణా అన్న లెక్కతో వంద కిలోలకు ఇలా కలుపుకోవచ్చు: చెనక్కాయ కట్టె 50 కిలోలు, మొక్కజొన్న 16, చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) 14, నూనె తీసిన తవుడు 10, మొలాసిస్ (చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి) 8, గొర్రెల ఖనిజ లవణ మిశ్రమం ఒకటిన్నర, ఉప్పు అర కిలో. కట్టెలో 9 శాతం, చెక్కలో 42 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే ఈ కూర్పులో పదమూడున్నర శాతం వరకు వస్తుంది.

కట్టె మారితే కూర్పు మారాలి. పై లెక్కలో సగం కట్టెను, అంటే 25 కిలోలను తీసేసి ఆ స్థానంలో జొన్న చొప్ప వేశామనుకుందాం. కిలోకు 5 శాతం చొప్పున మొత్తం మీద కిలోంపావు మాంసకృత్తులు తగ్గుతాయి. మొక్కజొన్నను 16 నుంచి 12 కిలోలకు దించి, చెక్కను 14 నుంచి 18 కిలోలకు పెంచితే ఆ లోటు దాదాపు పూడుతుంది. చెనక్కాయ కట్టెలో ఉన్నంత సున్నం జొన్న చొప్పలో ఉండదు కాబట్టి ఒక కిలో మేత సున్నపురాయి పొడి కూడా చేర్చుకోవాలి. మాంసకృత్తుల లోటును యూరియాతో పూడ్చాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మూడు నాలుగు నెలల పిల్లలకు అది వద్దు, పెద్ద పిల్లలకైనా మొత్తం మేతలో ఒక శాతం దాటకూడదు.

చెక్కను గానుగలో ఆడించినదిగా తీసుకుంటే అందులో నూనె మిగిలి ఉంటుంది. ఆ నూనె ఎక్కువైతే గుళిక పట్టు వదిలి పొడి అవుతుంది, పొట్టలో పీచు అరగడం కూడా మందగిస్తుంది. మొలాసిస్ దొరకని చోట బెల్లం గానుగల దగ్గర అమ్ముడుపోక మిగిలిన నల్లబెల్లాన్ని వేడినీటిలో కరిగించి వాడుకోవచ్చు, చిత్తూరు చుట్టుపక్కల ఇది కష్టమేమీ కాదు. తీపి ద్రవం 10 శాతం దాటితే మాత్రం మిశ్రమం జిగురుగా మారి అచ్చులో ఇరుక్కుంటుంది.

ఖనిజ మిశ్రమం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇంట్లో ఆవులకు తెచ్చిన డబ్బా ఉంది కదా అని దాన్నే గొర్రెలకు వాడకూడదు. ఆవుల మిశ్రమాల్లో రాగి లోహం (కాపర్) ఎక్కువగా ఉంటుంది, గొర్రె కాలేయం ఆ లోహాన్ని కొద్దికొద్దిగా కూడబెట్టుకోగా, కొన్ని వారాల తరువాత ఆ జీవి ఒక్కసారిగా పచ్చకామెర్లతో, ఎర్రటి మూత్రంతో పడిపోతుంది. డబ్బా మీద గొర్రెలకు అని రాసి ఉన్నదే కొనాలి.

మర పట్టించడం

ఈ పని మొత్తంలో జయాపజయాలు తేలేది హ్యామర్ మిల్లు జల్లెడ దగ్గర. కట్టెను 8 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడతో ఆడించాలి. గింజలు, చెక్క మాత్రం 3 మిల్లీమీటర్ల జల్లెడతో వేరుగా ఆడించి తరువాత కలపాలి. ఆడిన కట్టె గుప్పిట్లోకి తీసుకుంటే పీచు ముక్కలు చేతికి తగలాలి, పిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోకూడదు.

నేను ఈ పాఠం నష్టపడి నేర్చుకున్నాను. మొదటిసారి కట్టెను ఒక కోళ్ల దాణా మరకు తీసుకువెళ్లాను. అక్కడ అన్నిటికీ సన్న జల్లెడే. గుళికలు చూడముచ్చటగా, నున్నగా, గట్టిగా వచ్చాయి, పిల్లలు కూడా ఎగబడి తిన్నాయి. పది రోజులు తిరగకముందే అవి నెమరు వేయడం తగ్గించి, షెడ్డు గుంజలను కొరకడం, ఒకదాని వెంట్రుకలు మరొకటి పీకడం మొదలుపెట్టాయి. పీచు నలిగి పిండి అయితే నెమరు అవసరం తగ్గుతుంది, నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పొట్టలో పులుపును విరిచేది ఆ లాలాజలమే. రోజూ ఒక్కో పిల్లకు గుప్పెడు నలగ్గొట్టని కట్టె వేయడం మొదలుపెట్టాక వారంలో ఆ చేష్టలు తగ్గాయి. అప్పటి నుంచి జల్లెడ ఎంత ముతకదైనా సరే, రోజుకు వంద గ్రాముల పొడవాటి కట్టెనో, అవిసె, సుబాబుల్ కొమ్మలనో వేలాడదీయడం నేను మానలేదు.

కలిపిన మిశ్రమానికి ఆవిరి పట్టించే సౌకర్యం ఉన్న మర అయితే 70 నుంచి 80 డిగ్రీల వేడి తగలాలి. ఆవిరి లేని చిన్న పళ్లెం అచ్చు యంత్రమైతే మొలాసిస్‌ను వేడినీటితో పలుచన చేసి, మిశ్రమంపై చల్లుతూ బాగా కలిపి, అరగంట నాననిచ్చి ఆడించాలి. గుప్పిట బిగించి వదిలితే ముద్ద నిలవాలి, కాని చేతికి తడి అంటకూడదు. పెరిగే పిల్లలకు 8 మిల్లీమీటర్ల మందం గుళిక సరిపోతుంది, పొడవు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే చాలు. యంత్రం అమ్మేటప్పుడు గంటకు ఇన్ని కిలోలని చెప్పే లెక్క గింజల దాణాకు సంబంధించినది, కట్టె సగం ఉన్న మిశ్రమానికి అంత రాదు. రోజు పనిని లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అచ్చు నుంచి వచ్చిన గుళిక వేడిగా, మెత్తగా ఉంటుంది. దాన్ని నీడలో, సిమెంటు నేల మీద పలుచగా పరిచి, పూర్తిగా చల్లారి గట్టిపడ్డాకే సంచులకు ఎత్తాలి. వేడి మీద ఎత్తితే సంచి లోపల ఆవిరి చెమ్మగా మారి, నాలుగైదు రోజుల్లో నడిమధ్యన తెల్లబూజు కడుతుంది. గుళికలో తేమ 12 శాతం మించకూడదు. గట్టితనం చూడటానికి ప్రయోగశాల అవసరం లేదు: ఒక డబ్బాలో కొన్ని గుళికలు వేసి రెండు నిమిషాలు గట్టిగా ఊపి, జల్లించి చూస్తే పొడి ఎంత రాలిందో తెలుస్తుంది. పిడికెడు గుళికలకు చెంచాడు పొడి రాలితే ఫరవాలేదు, అంతకు మించితే తడిగాని మొలాసిస్‌గాని సరిపోలేదని అర్థం. రాలిన పొడిని పారేయనక్కరలేదు, తరువాతి ఆడకంలో కలిపేయవచ్చు. సంచులను చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంగా పేర్చి, వానాకాలంలో నెల, ఎండాకాలంలో నెలన్నర లోపు వాడేయాలి.

మేపడం

షెడ్డులోకి తెచ్చిన పిల్లలకు మొదటి వారంలో నట్టల మందు తాగించి, చిటుకు రోగం టీకా వేయించాలి, రెండు మూడు వారాల తరువాత రెండో మోతాదు తప్పనిసరి. ఒక్కసారిగా బలమైన మేతకు మారిన పిల్లల్లో, అదీ బాగా తినే పిల్లల్లోనే, ఈ రోగం వచ్చి తెల్లారేసరికి చచ్చిపడి ఉంటాయి. పారుడు రోగం (పీపీఆర్) టీకా వేయని మంద నుంచి తెచ్చినవైతే అది కూడా వేయించాలి.

గుళికలను రెండు వారాల్లో అలవాటు చేయాలి. మొదటి మూడు నాలుగు రోజులు తినే మేతలో పావు వంతు, తరువాత సగం, ఆ తరువాత ముప్పావు, పద్నాలుగో రోజుకు పూర్తిగా. తొందరపడితే కడుపు ఉబ్బి, పేడ జారుగా వచ్చి, పిల్లలు మేత వదిలేస్తాయి. అలా జరిగిన రోజు గుళికలు ఆపి ఎండు కట్టె మాత్రమే వేసి, తినే సోడా పది గ్రాములు నీటిలో కలిపి తాగించి, తగ్గకపోతే 1962కు ఫోన్ చేసి సంచార పశు వైద్యశాలను పిలిపించుకోవాలి.

పిల్ల తన బరువులో సుమారు 4 శాతం పొడి మేత తింటుంది. ఆ లెక్కన 15 కిలోల పిల్లకు రోజుకు 650 నుంచి 700 గ్రాములు, 20 కిలోల పిల్లకు 900 గ్రాములు, 25 కిలోలకు చేరేసరికి కిలో పైన గుళికలు కావాలి. రోజు మేతను ఉదయం, సాయంత్రం రెండు భాగాలుగా పెట్టాలి, తొట్టి దగ్గర ఒక్కో పిల్లకు అడుగు చోటు దొరకాలి. లేకపోతే బలమైన రెండు మూడు పిల్లలే తిని, బక్కవి బక్కగానే మిగిలిపోతాయి. పొద్దున తొట్టిలో అడుగున కాసిన్ని మిగిలి ఉన్నాయంటే మోతాదు సరిపోయిందని, నాకి శుభ్రం చేశాయంటే చాలలేదని తెలుసుకోవాలి.

నీరు మేతతో సమానమైన విషయం. గుళిక పొడి మేత కాబట్టి కిలోకు రెండు నుంచి మూడు లీటర్ల నీరు లోపలికి పోవాలి, తిరుపతి మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువ. తొట్టిని నీడలో పెట్టాలి, వేడెక్కిన నీటిని పిల్లలు తాగవు. నీరు తగ్గి, తవుడులోని భాస్వరం ఎక్కువైనప్పుడు పొట్టేలు పిల్లలకు మూత్రనాళంలో రాళ్లు ఏర్పడతాయి. నడుము వంచి, తోక ఆడిస్తూ, చుక్కలు చుక్కలుగా మూత్రం పోస్తున్న పిల్లను చూస్తే ఆ రోజే వైద్యుడికి చూపించాలి, మర్నాటికి వాయిదా వేస్తే పిల్ల దక్కదు. సున్నం, భాస్వరం రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉండేలా చూసుకోవడం, తవుడును పది కిలోలు దాటనివ్వకపోవడం, వైద్యుడి సలహాతో వంద కిలోల మేతకు అర కిలో అమ్మోనియం క్లోరైడ్ కలపడం దీనికి ముందుజాగ్రత్తలు.

లెక్క

పదిహేను రోజులకోసారి, ఉదయం మేత వేయకముందు, ప్రతి పిల్లనూ తూచి రాసుకోవాలి. బాగా కుదిరిన మందలో రోజుకు 100 నుంచి 120 గ్రాముల పెరుగుదల వస్తుంది, బీళ్లలో తిరిగి మేసే పిల్లల్లో సాధారణంగా వచ్చేది అందులో సగమే. రోజుకు సగటున 900 గ్రాముల చొప్పున 100 రోజులకు ఒక పిల్ల 90 కిలోల గుళికలు తింటుంది. అది 12 కిలోలు పెరిగితే కిలో బరువుకు ఏడున్నర కిలోల మేత పట్టినట్లు. కాబట్టి లెక్క చాలా సులభం: కట్టె, దాణా, మర కూలి, కరెంటు, సంచులు అన్నీ కలిపి గుళిక కిలో ఎంత పడిందో చూసి, దాన్ని ఎనిమిదితో హెచ్చించి, ఆ మొత్తాన్ని సంతలో బతికున్న పొట్టేలు కిలో ధరతో పోల్చాలి. మధ్య తేడా పెద్దగా లేకపోతే మర జోలికి పోకుండా, కట్టెను చాఫ్ కట్టర్‌లో (మేతను ముక్కలు చేసే యంత్రంలో) కత్తిరించి, దాణా కలిపి, తడి చల్లి పెట్టడమే మేలు. అందులో ఏరుకునే వృథా కొంత ఉంటుందిగాని, ఖర్చు తక్కువ. ఇరవై పిల్లలకు సొంత గుళికల యంత్రం కొనడం ఏ లెక్కలోనూ గిట్టదు, నలుగురైదుగురు కలిసి ఒక యంత్రం పెట్టుకోవడమో, కూలికి ఆడించుకోవడమో చేయాలి.

మొదలుపెట్టే రోజును అమ్మే రోజు నుంచి వెనక్కి లెక్కించాలి. మే నెలలో వచ్చే తిరుపతి గంగమ్మ జాతరకు అమ్మదలిస్తే జనవరి ఆఖరుకు పిల్లలు షెడ్డులో ఉండాలి. బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి, ఏ ఏటికి ఆ ఏడు క్యాలెండరు చూసుకోవాలి, అయితే ఆ పండుగకు ఏడాది నిండిన పొట్టేళ్లనే అడుగుతారు కనుక, పెద్ద పిల్లలను ఎంచుకుని మేపాలి.

వంద రోజులు నిండే దాకా అన్నిటినీ ఉంచాలన్న నియమమేమీ లేదు. వరుసగా రెండు తూకాల్లో రోజుకు 80 గ్రాముల కంటే తక్కువ పెరిగిన పిల్ల, కిలో బరువుకు పదకొండు కిలోలకు పైగా మేత తింటున్నట్లే. కడుపులో నట్టలు లేవని పేడ పరీక్షలో తేలాక కూడా అది అలాగే ఉంటే, పండుగ కోసం ఎదురుచూడకుండా వచ్చే సంతకే తోలేయాలి.